డబ్బు కట్టాం సరే.. ఆట మనదేనా?

2020 ఏప్రిల్ 21. దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లకే పరిమితమైన రోజులు. చాలామందికి ఫోనే కాలక్షేపం. సరిగ్గా అప్పుడే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) సంస్థ తన మొబైల్ టెట్రిస్‌ను నిలిపేసింది. కొత్తగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు తీసేసి ఊరుకోలేదు. అప్పటికే ఫోన్లలో ఉన్న ఆట కూడా ఆ తేదీ తర్వాత ఆడలేరని జనవరిలోనే ప్రకటించింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఈ దిమ్మెల ఆట ఈఏ సొంతం కాదు. ఆ సంస్థ దగ్గర ఉన్నది లైసెన్సు మాత్రమే. ఈఏ యాప్‌లో డబ్బు పెట్టినవాళ్ల దగ్గర ఉన్నదీ లైసెన్సే. కాకపోతే ఇంకా బలహీనమైనది.

ఇందులో మోసం ఏమీ లేదు. నోటీసు ముందే ఇచ్చారు. ఇలా ఆపేయవచ్చని నిబంధనల్లో రాసుకునే ఉంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మనం కొన్న వస్తువు పనికిరాకుండా పోవాలంటే అది చెడిపోనక్కర్లేదు, అమ్మినవాళ్లు అనుకుంటే చాలు.

పజిల్ గేమంటే నాలుగైదు వందల రూపాయల వ్యవహారమే కదా అనిపించవచ్చు. కానీ పుస్తకాలు, సినిమాలు, పాటలు, పిల్లల చదువుకు వాడే సాఫ్ట్‌వేర్ అన్నీ ఇప్పుడు ఇదే పద్ధతిలో కొంటున్నాం. ఈ పద్ధతిని పరీక్షించడానికి పజిల్ గేమును మించినది లేదు. క్రికెట్ గేమో, కార్ల పందేల గేమో అయితే అవతలి ఆటగాళ్ల కోసం సర్వర్ కావాలని చెప్పవచ్చు. పజిల్‌కు ఆ అవసరమే లేదు. ఆడేవాళ్లు ఒక్కరే, అవతల ఉన్నది ఒక చిక్కుముడి. గళ్లనుడికట్టు పుస్తకం కొంటే, దాన్ని అచ్చువేసిన సంస్థ మూతపడినా పుస్తకం మన అల్మారాలోనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకున్న పజిల్‌కు ఆ భరోసా ఎందుకు లేదు?

తాళాల్లో రకాలు

కాపీ కాకుండా అడ్డుకునే ఏర్పాటును డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ (డీఆర్‌ఎం) అంటారు. సులువుగా తాళం అనుకుందాం. తాళాలన్నీ ఒకటి కావు.

మొదటిది పాతకాలపు పద్ధతి. ఇరవై ఏళ్ల కిందట డౌన్‌లోడ్ గేములు అమ్మే సైట్లు గంటసేపు ఉచితంగా ఆడనిచ్చేవి. గంట గడిచాక డబ్బు కడితే ఒక కోడ్ వచ్చేది. అది కొడితే ఆట తెరుచుకునేది. రెండో రకంలో, ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఒక్కసారి ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్ అనుమతి తీసుకోవాలి. కంప్యూటర్ మారిస్తే మళ్లీ అడగాలి. మూడోది స్టీమ్ లాంటి దుకాణాల పద్ధతి. ఆట మన ఖాతాకు ముడిపడి ఉంటుంది. ఖాతా ఉన్నంతవరకే ఆట. నాలుగోది అన్నిటికంటే కఠినం. ఆడుతున్నంతసేపూ, లేదా తరచుగా, సర్వర్ 'సరే' అంటూ ఉండాలి.

మొదటి రకంలో తాళంచెవి మన చేతికి వస్తుంది. మిగతా మూడింటిలో అది అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది, మనకు తలుపు మాత్రం తీసిపెడతారు. ఆ సర్వర్ ఆగిపోతే, కంపెనీ చేతులు మారితే, ఖాతా మూసేస్తే, డబ్బు కట్టినవాళ్లు కూడా బయటే నిలబడాలి.

ఎవరిని ఆపుతున్నట్టు?

గేము తయారుచేసేవాళ్ల వాదన కూడా వినాలి. పజిల్ గేములు ఎక్కువగా చిన్న బృందాలు, కొన్నిసార్లు ఒక్కరే చేసేవి. ఫైలు చిన్నది, కాపీ చేయడం తేలిక. కోఠి ఫుట్‌పాత్ మీద పైరేటెడ్ సీడీలు కొని కంప్యూటర్ నేర్చుకున్న తరానికి ఆ నష్టం ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు మూడేళ్ల శ్రమకు మొదటి కొన్ని వారాల అమ్మకాలే ఆధారమైనప్పుడు, ఆ కొద్ది రోజులైనా తాళం వేసుకుంటామనడంలో న్యాయం ఉంది.

అయితే ఆ తాళం దొంగను ఎంతకాలం ఆపుతోంది? 2017 మేలో స్పెయిన్‌కు చెందిన టెకీలా వర్క్స్ 'రైమ్' అనే పజిల్ సాహస గేమును విడుదల చేసింది. దాని పీసీ వెర్షన్‌కు డెనువో అనే పేరున్న తాళం వేశారు. ఎవరైనా పగలగొడితే తామే దాన్ని తీసేస్తామని ముందుగానే చెప్పారు. వారం తిరగకముందే పగిలింది. చెప్పినట్టే తాళం లేని వెర్షన్ ఇచ్చారు. ఆ కొద్ది రోజులూ తాళం బరువు మోసినవాళ్లు డబ్బు పెట్టి కొన్నవాళ్లే.

డబ్బు కట్టినవాళ్లకే ఇబ్బంది అన్నది ఈ ఒక్క ఆటతో పోలేదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, భద్రతా కారణాలతో సేఫ్‌డిస్క్ అనే పాత తాళానికి అందులో చోటు ఇవ్వలేదు. దాంతో ఆ తాళమున్న ఒరిజినల్ సీడీలు కొత్త కంప్యూటర్లలో నడవకుండా పోయాయి. 2021లో ఇంటెల్ తన 12వ తరం ప్రాసెసర్లలో రెండు రకాల కోర్లు పెట్టింది. కొన్ని గేముల్లోని తాళం దాన్ని రెండు వేర్వేరు కంప్యూటర్లుగా పొరబడి ఆటను ఆపేసింది. ఇబ్బంది పడిన గేముల జాబితాలో ఇంటెల్ 50కి పైగా పేర్లు చూపింది. పగలగొట్టిన కాపీ ఆడేవాళ్లకు ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

పరిశ్రమ కూడా ఈ తాళాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూస్తోంది. అమ్మకాల జోరు తగ్గాక చాలా కంపెనీలు డెనువోను తీసేస్తున్నాయి. అంటే తాళానికి ఒక గడువు పెట్టడం వ్యాపారానికి ఎదురు కాదు. ఎప్పుడు తీయాలన్నది వాళ్ల ఇష్టానికే వదిలేశాం, అంతే.

పన్నుకు సరుకు, కొన్నవాళ్లకు లైసెన్సు

'మీరు కొన్నది ఆట కాదు, దాన్ని వాడుకునే లైసెన్సు' అనేది కంపెనీల ప్రామాణిక సమాధానం. ఈ వాదన భారత న్యాయస్థానాలకు కొత్త కాదు. అది పెద్దయెత్తున తేలింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే.

ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద ప్యాకేజీ సాఫ్ట్‌వేర్ మీద పన్ను వేయగా, సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధో సంపత్తి కాబట్టి అది సరుకు కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ఫ్లాపీ మీదో, సీడీ మీదో మార్కెట్లో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టాల్సిందే అంది. 2021 మార్చిలో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో ఆదాయపు పన్ను కోణంలో ఇదే ప్రశ్న మళ్లీ వచ్చింది. కాగితం మీద లైసెన్సు అని రాసుకున్నా, వాడుకునేవారికి కాపీరైటులో వాటా ఏమీ రావడం లేదు కాబట్టి, జరుగుతున్నది సరుకు అమ్మకమేనని కోర్టు చెప్పింది.

జీఎస్టీ వచ్చాక విదేశీ సైట్ల నుంచి చేసే డౌన్‌లోడ్‌ను ఆన్‌లైన్ సేవల కింద చేర్చి 18 శాతం పన్ను వసూలు చేస్తున్నారు. సరుకైనా, సేవైనా ఖజానాకు రావాల్సింది వస్తోంది. కొన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వస్తువు చేతికి చిక్కని లైసెన్సుగా మారిపోతోంది. సీడీ రోజుల్లో ఆడటం అయిపోయిన గేమును తమ్ముడికి ఇచ్చేవాళ్లం. డౌన్‌లోడ్ గేమును ఇవ్వలేం, అమ్మలేం. స్టీమ్ ఖాతా వేరొకరికి బదిలీ చేయకూడదని ఒప్పందంలోనే ఉంటుంది. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు దొరికినట్టు పాత డౌన్‌లోడ్ గేములు దొరికే బజారు ఎప్పటికీ పుట్టదు.

వరం ఉంది, పూజారే అడ్డం

చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ తాళాల సంగతిలో భారత చట్టం అమెరికా చట్టం కంటే కొన్నవాళ్ల పట్ల ఉదారంగా ఉంది.

అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ప్రకారం తాళం పగలగొట్టడమే తప్పు. ఎందుకు పగలగొట్టారన్నది ప్రధానం కాదు. మినహాయింపులు కావాలంటే మూడేళ్లకోసారి అర్జీ పెట్టుకోవాలి. అనుమతి సర్వర్లు మూతపడిన గేములను సొంతంగా ఆడుకోవడానికి తాళం తీసుకోవచ్చనే మినహాయింపు 2015లో గానీ రాలేదు.

మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 65ఎ సెక్షన్ వచ్చింది. తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. కానీ ఆ నేరానికి ఒక షరతు ఉంది. కాపీరైటును ఉల్లంఘించాలనే ఉద్దేశం ఉండాలి. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం తాళం తీస్తే ఈ సెక్షన్ వర్తించదని అందులోనే రాశారు. ఇక 52వ సెక్షన్ ప్రకారం, సాఫ్ట్‌వేర్ కాపీని చట్టబద్ధంగా పొందిన వ్యక్తి దాన్ని ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు, మార్పులు చేసుకోవచ్చు. పోయినా, చెడినా ఇబ్బంది లేకుండా బ్యాకప్ పెట్టుకోవచ్చు. ఈ రెండు సెక్షన్లూ కలిపి చదివితే, డబ్బు పెట్టి కొన్న పజిల్ గేమును సర్వర్ పోయాక కూడా తన కంప్యూటర్లో తానే ఆడుకోవాలని తాళం తీసుకునే వ్యక్తిని నేరస్తుడిగా చూడటం చట్టం ఉద్దేశం కాదని అర్థమవుతుంది. ఆ కాపీని పదిమందికి పంచితే మాత్రం అది వేరే కథ, స్పష్టమైన ఉల్లంఘన.

మరి ఈ హక్కు ఎవరికి ఉపయోగపడుతోంది? తాళం తీయడం సాంకేతికంగా అందరికీ చేతనయ్యే పని కాదు. వేరొకరి సాయం తీసుకుందామంటే, అలా సాయపడేవారు అడిగినవారి పేరు, చిరునామా, ఏ పని కోసం తీస్తున్నారన్న వివరాలతో పూర్తి రికార్డు రాసిపెట్టాలని అదే సెక్షన్ అంటుంది. గేము తాళాలు తీసి రిజిస్టరు రాసుకునే దుకాణం ఏ ఊళ్లో ఉంది? మిగిలేది పైరసీ సైట్లే. అక్కడ దొరికే ఫైలుతోపాటు వైరస్ కూడా రావచ్చు. పైగా పేజీలకొద్దీ సాగే వినియోగ ఒప్పందంలో 'తాళం జోలికి రావద్దు' అని రాసుకుంటారు. ఉల్లంఘించారని అనిపిస్తే కంపెనీ కోర్టుకు వెళ్లాల్సిన పని కూడా లేదు. ఖాతా మూసేస్తే చాలు, అందులోని మిగతా ఆటలన్నీ దాంతోపాటే పోతాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పార్లమెంటు ఇచ్చిన హక్కు వినియోగదారు చేతికి రాకుండా ఒక సాఫ్ట్‌వేర్ తాళం, ఒక 'ఐ అగ్రీ' బటన్ ఆపగలుగుతున్నాయి.

బయట కదలిక మొదలైంది

ఈ ప్రశ్న ప్రపంచం దృష్టికి వచ్చింది పజిల్ వల్ల కాదు, కార్ల పందేల గేము వల్ల. ఫ్రాన్స్‌కు చెందిన ఉబిసాఫ్ట్ 2014లో తెచ్చిన 'ది క్రూ' గేము సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా ఆ సర్వర్లే ఆధారం కావడంతో గేము మొత్తం పోయింది. యూట్యూబర్ రాస్ స్కాట్ మొదలుపెట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. గేములను ఆపేసేటప్పుడు ఆడుకునే స్థితిలో వదిలిపెట్టాలంటూ యూరప్ పౌరులు పెట్టిన ప్రతిపాదన 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. ఈలోగా ఉబిసాఫ్ట్ కూడా 'ది క్రూ 2'కు ఆఫ్‌లైన్‌లో ఆడే వీలు కల్పిస్తామని ప్రకటించింది. తలుచుకుంటే సాధ్యమేనన్నమాట.

కాలిఫోర్నియా చట్టం ఇంకా సాదాసీదా పని చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువు పక్కన 'కొనండి' అని రాయాలంటే, కొనుగోలుదారుకు దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకుని ఇంటర్నెట్ లేకుండా వాడుకోగలిగే వాటికి ఈ నిబంధన లేదు. చట్టం అమలుకు ముందే, 2024 అక్టోబరు నుంచి, స్టీమ్ తన చెల్లింపు పేజీలో ఆ మాట చూపించడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం వేసిన కేసులో స్టీమ్ గేములను తిరిగి అమ్ముకోవచ్చని 2019లో పారిస్ కోర్టు అన్నా, 2022లో అప్పీలు కోర్టు కాదంది. తిరిగి అమ్ముకునే హక్కు దగ్గర దారి మూసుకుంది. నిజం చెప్పాలన్న షరతు దగ్గర మాత్రం తెరుచుకుంది.

మన కమిషన్లు ఏం చేయగలవు?

ఇక్కడ కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకులకూ సేవలకూ రెండింటికీ వర్తిస్తుంది. కాబట్టి 'ఇది సరుకా, లైసెన్సా' అన్న తగవు ఇక్కడ కంపెనీకి పెద్దగా అక్కరకు రాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ వస్తువులను పేరుపెట్టి చేర్చాయి. మన దేశంలో కార్యాలయం లేకపోయినా ఇక్కడివారికి క్రమంగా అమ్మే విదేశీ సైట్లకూ అవి వర్తిస్తాయి. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుంటే దాన్ని 'అన్యాయపు ఒప్పందం' అనవచ్చని చట్టం నిర్వచించింది.

లోపం అమలులో ఉంది. అన్యాయపు ఒప్పందంపై ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేయడానికి లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అయిదు వందల గేము కోసం ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో రాష్ట్ర కమిషన్ మెట్లెక్కేవారు ఎవరుంటారు? తప్పుదోవ పట్టించే అమ్మకమన్న కోణంలో అయితే సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వాటికి రుసుము కూడా లేదు. అయినా ఒక్కొక్కరికి జరిగే నష్టం చిన్నది. కోర్టు ఖర్చు కంటే తక్కువైన నష్టం కోర్టు దాకా రాదు. ఈ వ్యాపార పద్ధతి దాని మీదే నడుస్తోంది.

అందుకే ఇది వ్యక్తులు కాదు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చేయాల్సిన పని. ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయోపాయాలను గుర్తిస్తూ 2023 నవంబరులో అదే సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వర్ తలుపు తీస్తేనే పనిచేసే వస్తువుకు 'కొనండి' అని పేరు పెట్టడాన్ని కూడా వాటి సరసన చేర్చవచ్చు. ఆన్‌లైన్ గేముల మీద 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల చుట్టూనే తిరిగింది. అది సోషల్ గేముల నిర్వచనంలో చందా గురించి, ఒకసారి కట్టే ప్రవేశ రుసుము గురించి మాట్లాడింది. ఆ రుసుము కట్టిన వ్యక్తికి ప్రవేశం ఎంతకాలం ఉండాలో చెప్పలేదు.

డబ్బు కట్టే ముందు

చట్టం కదిలేలోగా కొన్నవాళ్లు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. స్టీమ్‌లో గేము పేజీలోనే వేరే కంపెనీ తాళం ఉందా, వేరే ఖాతా కావాలా అన్నది రాసి ఉంటుంది, చదవాలి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ వ్యవధిలోనే ఒకసారి ఇంటర్నెట్ తీసేసి ఆడి చూడాలి. ఒంటరిగా ఆడే పజిల్ నెట్ లేకపోతే తెరుచుకోకపోతే వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

తాళం లేకుండా అమ్మే చోట్లు కూడా ఉన్నాయి. పోలండ్‌లో 2008లో మొదలైన గాగ్ సైటు ఇన్‌స్టాలర్ ఫైలును మన చేతికే ఇస్తుంది. ఫిన్లండ్‌కు చెందిన ఆర్వి టెయికారి 2019లో విడుదల చేసిన 'బాబా ఈజ్ యూ' లాంటి పేరున్న పజిల్ గేమును ఇచ్.ఐఓలో తాళం లేకుండా కొనుక్కోవచ్చు. తాళం లేకపోతే చిన్న తయారీదారులు బతకలేరన్న వాదనకు ఇలాంటి గేములే జవాబు. ఒకే గేము రెండు చోట్ల దొరికితే, యాభై రూపాయలు ఎక్కువైనా తాళం లేనిచోట కొనడమే లాభం. ఆ ఇన్‌స్టాలర్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లో, బిల్లును ఈమెయిల్‌లో భద్రపరుచుకోవాలి. రేపు 52వ సెక్షన్ అవసరం పడితే, చట్టబద్ధంగా కొన్నామని చూపించేది ఆ బిల్లే.

ప్రభుత్వం నుంచి అడగాల్సినవీ పెద్ద కోరికలేం కావు. గేము ఎన్నాళ్లు నడుస్తుందో కొనే పేజీలోనే చెప్పాలి. సర్వర్ ఆపేసేటప్పుడు తాళం తీసేసిన చివరి అప్‌డేట్ ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. మందు బిళ్లల అట్ట మీద, బిస్కెట్ ప్యాకెట్ మీద గడువు తేదీ లేకుండా అమ్మనివ్వని దేశం మనది. 18 శాతం పన్ను వేసి మరీ అమ్మనిస్తున్న వస్తువు మీద కూడా ఆ ఒక్క తేదీ వేయమనడం అత్యాశేమీ కాదు.